బ్యాంకు వేళల్లో చేసిన సేవ

నంద్యాలలో గానీ ఆళ్లగడ్డలో గానీ ఒక బ్యాంకు మేనేజరు రిటైరైతే ఊరు ఆయన్ను ఊరికే పంపదు. శాలువా కప్పుతారు, దండలు వేస్తారు, నలుగురు పెద్దలు మైకు ముందు నాలుగు మాటలు చెబుతారు. ఆ మాటల్లో వచ్చే సంగతులు దాదాపు ఎక్కడైనా ఒకటే. సారు అహోబిలం బ్రహ్మోత్సవాలకు అన్నదానం చేయించారు, శివరాత్రికి మహానంది పోయేవాళ్లకు చలివేంద్రం పెట్టించారు, రక్తదాన శిబిరాలు నడిపారు, పేదపిల్లలకు ఫీజులు కట్టారు, ఇంటిని చక్కదిద్దుకున్నారు, పిల్లల్ని ప్రయోజకుల్ని చేశారు. అన్నీ నిజాలే, మెచ్చుకోవాల్సినవే. అయితే ముప్పై ఏళ్లకు పైగా ఆ సీట్లో కూర్చుని ఆయన ఏం చేశాడన్నది మాత్రం 'మచ్చలేని ఉద్యోగి' అన్న ఒక్క మాటతో తేలిపోతుంది. నాకు ఈ లెక్క తలకిందులుగా కనిపిస్తుంది. బ్యాంకరు ఊరికి చేసే అసలు సేవ సాయంత్రం షట్టరు దించాక మొదలయ్యేది కాదు. పది నుంచి అయిదు దాకా, లోను కాగితాల మధ్య జరిగేదే అది. మిగతావి మంచి మనిషి ఎవరైనా చేయగలిగిన పనులు. ఇది మాత్రం ఆ కుర్చీలో ఉన్నవాడే చేయాలి.

మన ప్రాంతపు బ్యాంకుల పుట్టుక చూస్తే ఇది కొత్త మాట కాదని తెలుస్తుంది. 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన భోగరాజు పట్టాభి సీతారామయ్య వృత్తిరీత్యా డాక్టరు, పనిరీత్యా స్వాతంత్ర్యోద్యమ నాయకుడు. లక్ష రూపాయల మూలధనంతో మొదలైన ఆ సంస్థ ఆయనకు దేశసేవలో ఒక భాగమే తప్ప వేరే వ్యాపారం కాదు. 1925లో ఉడుపిలో పుట్టిన సిండికేట్ బ్యాంకు మరో మెట్టు కిందికి దిగింది. 1928లో పిగ్మీ డిపాజిట్ పెట్టి, రోజుకు రెండణాలు దాచుకునేవాడి గడప దగ్గరికే ఏజెంటును పంపింది. ఆ బ్యాంకే 1976లో కడప కేంద్రంగా రాయలసీమ గ్రామీణ బ్యాంకును నిలబెట్టింది. గ్రామీణ బ్యాంకులు కావాలని 1975లో ఎం.నరసింహం అధ్యక్షతన కూర్చున్న బృందం చెప్పిన కారణం గుర్తుంచుకోదగ్గది. పల్లె కష్టం తెలిసిన స్థానికుడి పరిచయం సహకార సంఘానికి ఉంది, లెక్కల క్రమశిక్షణ వాణిజ్య బ్యాంకుకు ఉంది, రెండూ ఒకచోట చేరాలన్నది ఆ ఆలోచన. అంటే మనిషిని ఎరిగి ఉండటాన్ని బ్యాంకరు మంచితనానికి వదిలేయకుండా ఉద్యోగంలో భాగంగానే పెట్టారు.

ఈ ఎరుక ఎందుకు పనికొస్తుందో ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర స్పష్టంగా చూడొచ్చు. ఆ ఊరి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది, విగ్రహాలు ఎక్కడెక్కడి గుడులకో పోతాయి. కానీ లోను కోసం వచ్చిన శిల్పి దగ్గర తాకట్టుకు ఏముంటుంది? గుడి కమిటీ ఇచ్చిన అడ్వాన్సు రాయి కొనడానికి, తెప్పించడానికి చాలదు. పని నెలల తరబడి సాగుతుంది, కూలీలకు వారం వారం ఇవ్వాలి, మిగతా డబ్బు విగ్రహం లారీ ఎక్కేటప్పుడు గానీ రాదు. కిరాణా కొట్టుకు అప్పిస్తే బ్యాంకు వెళ్లి సరుకు లెక్కపెట్టుకోవచ్చు. సగం చెక్కిన నరసింహస్వామిని ఏ ఖాతాలో రాస్తారు? కొనేవాడు ఉండడు. ముక్కు దగ్గర పగులు వస్తే ప్రతిష్ఠకు పనికిరాదు, రాయి ఖరీదు కూడా గిట్టదు. ఇలాంటి చోట కాగితం మాత్రమే చూసే అధికారి ఫైలు వాపసు చేస్తాడు, అతన్ని తప్పుపట్టలేం. పనిశాలకు వెళ్లి, ఆర్డరు పుస్తకం తిరగేసి, పోయిన ఏడాది ఎన్ని విగ్రహాలు చెప్పిన గడువుకు వెళ్లాయో అడిగి తెలుసుకున్నవాడు మాత్రం ఎంత ఇవ్వొచ్చో, వాయిదాలు ఏ నెలలో పెట్టాలో చెప్పగలడు. 2023 సెప్టెంబరులో వచ్చిన విశ్వకర్మ పథకం శిల్పులతో సహా 18 వృత్తుల వాళ్లకు హామీ లేకుండా 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షలు ఇమ్మంది. వాయిదాలకు డబ్బు ఆ శిల్పి చేతికి ఏ నెలలో వస్తుందో మాత్రం పథకం చెప్పలేదు, చెప్పజాలదు కూడా.

నంద్యాల వైపు పొలాల్లో ఇది ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. మూడు లక్షల దాకా పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోపు కడితే 3 శాతం తగ్గి 4 శాతం పడుతుంది. బయట నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24. ఈ తేడాలోనే ఒక కుటుంబం నిలబడటమో కూలబడటమో ఉంటుంది. కానీ రెన్యువల్ రోజున బ్యాంకు దగ్గర నడిచే తంతు చూడండి. పాత లోను అసలు, వడ్డీ రెండూ కట్టాలి, అప్పుడే కొత్తది రాస్తారు. రైతు చేతిలో అంత డబ్బు ఉండదు. రెండు రోజుల కోసం బయట తెచ్చి కౌంటర్లో కడతాడు. కొత్త లోను పడగానే తీసి, పైఖర్చుతో సహా అప్పిచ్చినవాడికి అప్పగిస్తాడు. పుస్తకంలో అంతా సక్రమంగానే ఉంటుంది. బ్యాంకు చవకగా ఇచ్చిన దాంట్లో కొంత వడ్డీవ్యాపారి జేబులోకి పోతుంది. దీన్ని తప్పించే దారి రూల్సులోనే ఉంది. పంట చేతికొచ్చి అమ్ముడయ్యే కాలాన్ని బట్టి గడువు పెట్టమని కిసాన్ క్రెడిట్ కార్డు నిబంధనలే చెబుతాయి. కోవెలకుంట్ల నల్లరేగడిలో శనగ వేసిన రైతుకూ, కేసీ కాలువ కింద వరి పెట్టిన రైతుకూ డబ్బు చేతికొచ్చే నెల ఒకటే ఎలా అవుతుంది? ధర పడిపోతే సరుకును గోదాములో పెట్టి రశీదు మీద లోను తీసుకునే వీలుందని నెల ముందే చెప్పిన మేనేజరు, ఆ రైతుకు ఏ సంఘసేవకుడూ చేయలేని మేలు చేసినట్టు. ఎవరూ ఫోటో తీయరు, అంతే.

ఇక గుత్తకు చేసే రైతు సంగతి. పంట సాగుదారుల హక్కుల చట్టం 2019లో వచ్చింది. భూయజమాని సంతకంతో సాగుదారుకు పదకొండు నెలలకు కార్డు ఇస్తారు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని జంకుతాడు. పెట్టినా అదే సర్వే నంబరు మీద ఆయన ముందే లోను తీసుకుని ఉంటాడు. ఒకే పొలం మీద రెండు పంట రుణాలు కుదరవు. చివరికి సేద్యం చేసేవాడు ఒకరు, చవక వడ్డీ అనుభవించేవాడు మరొకరు. చట్టం తలుపు తెరిచినా లోపలికి పిలిచేది బ్రాంచిలో ఉన్న మనిషే. గుత్త రైతుల్ని బృందంగా కూర్చి ఇస్తారా, యజమానికి నచ్చజెప్పి ఒప్పిస్తారా అన్నది ఆయన ఓపికను బట్టి ఉంటుంది.

జీతం తీసుకుని చేసే పనిని సేవ అనడమేమిటి అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు గ్రామీణ బ్యాంకుల చరిత్రలోనే ఉంది. మొదట్లో ఈ బ్యాంకుల ఉద్యోగులకు వాణిజ్య బ్యాంకుల కంటే తక్కువ జీతాలు పెట్టారు. పల్లె మీద ప్రేమ ఉన్నవాడికి జీతం తక్కువైనా ఫరవాలేదన్న లెక్క అది. వాళ్లు పోరాడారు. జస్టిస్ ఓబుల్‌రెడ్డి ట్రిబ్యునల్ 1990లో సమాన వేతనమని తీర్పిచ్చింది, 1987 సెప్టెంబరు నుంచే వర్తింపజేయమంది. సరైన తీర్పు. సేవ పేరు చెప్పి కడుపు మాడ్చడం సేవను చంపడమే. పైగా బ్యాంకరు ఇంటివాళ్లు చెల్లించేది తక్కువేం కాదు. వాణిజ్య బ్యాంకుల్లో మూడేళ్లకో బదిలీ, ప్రతిసారీ పిల్లలకు కొత్త బడి, పెద్దవాళ్లు సొంత ఊళ్లో ఒంటరి. ఆ లెక్కన కుటుంబం మీద ప్రేమ, ఊరి మీద ప్రేమ ఒకదాన్నొకటి తినేయకుండా చూసిన ఏర్పాటు గ్రామీణ బ్యాంకు. పనిచేసే ఊరికీ సొంతింటికీ మధ్య బస్సు దూరమే. 2006లో రాయలసీమ, అనంత, పినాకిని బ్యాంకులు కలిసి ఆంధ్రప్రగతి అయ్యాయి. 2025 మే 1 నుంచి రాష్ట్రమంతటికీ ఒక్కటే గ్రామీణ బ్యాంకు. పరిధితో పాటు బదిలీల దూరమూ పెరిగితే పోయేది ఆ ఎరుకే. విలీనంతో మూలధనం బలపడిందని సంతోషించేవాళ్లు ఈ నష్టాన్ని కూడా పద్దులో రాసుకోవాలి.

దీనికంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. ఎరిగినవాడే కదా పక్షపాతం చూపేది? ఇది సీమ. ఊరిని చీల్చిన ముఠా కక్షలు చూసిన నేల. ఒక వర్గం వాళ్లింట పెళ్లికి వెళ్లిన మేనేజరు రెండో వర్గం కంటికి శత్రువే. ఎరుక ఒక్కటే సేవ కాదని నేనూ ఒప్పుకుంటాను. 2010 అక్టోబరులో మన రాష్ట్రంలో సూక్ష్మరుణ సంస్థల ఆగడాలను అడ్డుకోవడానికి ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఆ సంస్థల ఏజెంట్లకు ప్రతి ఇంటి గుట్టూ తెలుసు. ఆ ఎరుకనంతా వసూలుకే వాడారు. అలాగని ముఖం ఎరగని అధికారి వస్తే పక్షపాతం పోతుందా? పోదు. కొత్తవాడు ఊరి గురించి ఎవర్నో ఒకర్ని అడగాలి, ఆ 'ఎవరో' సాధారణంగా బలమున్నవాడే అవుతాడు. కాబట్టి తెలుసుకున్నదాన్ని కాగితం మీద పెట్టించడమే మందు. ఫలానా కారణంతో ఇంత ఇచ్చాను, ఫలానా కారణంతో ఇవ్వలేదు అని రాసి ఉంటే తనిఖీకి వచ్చినవాడు అడగగలడు. 1992లో నాబార్డు మొదలుపెట్టిన పొదుపు సంఘాల రుణాలు సరిగ్గా ఇలాగే నడిచాయి. సభ్యులకు ఒకరి సంగతి ఒకరికి తెలుసు, తీర్మానం మాత్రం మినిట్స్ పుస్తకంలో అందరి సంతకాలతో ఉంటుంది.

ఇప్పుడు ఫోన్లోనే లోను వస్తోంది కదా, స్కోరు చూసి మిషనే ఇస్తుంది, ఈ మనుషులతో పనేమిటి అంటారు కొందరు. నెల జీతగాడికి పనిలేకపోవచ్చు, అతనికది హాయి కూడా. కానీ స్కోరు అంటే వెనక చేసిన అప్పుల చరిత్ర. బ్యాంకు మెట్లెక్కని గుత్త రైతుకు ఆ చరిత్రే లేదు. మొదటి లోను ఎవరో ఒకరు మనిషిని చూసి ఇస్తేనే రెండోదానికి స్కోరు పుడుతుంది.

అడిగినవాళ్లందరికీ ఇవ్వడం సేవ అని దీని అర్థం కాదు. ఆ డబ్బు డిపాజిటర్లది. తీర్చలేని అప్పు ఇచ్చిన మేనేజరు ఆ కుటుంబానికి అపకారమే చేస్తాడు. లేదని చెప్పడం కూడా ఈ వృత్తిలో భాగమే, ఎలా చెబుతారన్నదే తేడా. రెండు లక్షల లోపు రుణం అడిగిన చిన్నవాళ్లకు ఇవ్వకపోతే ముఖ్య కారణాలు రాతపూర్వకంగా తెలపాలని రిజర్వు బ్యాంకు 2003లోనే చెప్పింది. 'మీ కార్డు గడువు దాటింది, ఈ సర్వే నంబరు మీద యజమానికి ముందే లోను ఉంది, ఫలానా కాగితంతో మళ్లీ రండి' అని తెలుగులో నాలుగు వాక్యాలు రాసి, సంతకం పెట్టి చేతిలో పెట్టడానికి పది నిమిషాలు చాలు. ఈసారి సన్మాన సభలో మైకు అందుకునే పెద్దలు ఆ సారు అలాంటి ఉత్తరాలు ఎన్ని రాశారో కూడా అడిగి తెలుసుకుని వస్తే బాగుంటుంది.