కల్నల్‌గారి కథలో ఇల్లాలేదీ?

కల్నల్ మెడోస్ టేలర్ అనగానే చాలామందికి థగ్గులు గుర్తుకొస్తారు. 1839లో ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ నవలతో ఇంగ్లండులో పేరు మోగిపోయిన మనిషి. ఆయన స్వీయచరిత్ర ‘ది స్టోరీ ఆఫ్ మై లైఫ్’కి అంత పేరు లేదు. కానీ మన ఆడవాళ్ళం చదవాల్సిన పుస్తకం అదేనంటాను.

1808లో లివర్‌పూల్‌లో పుట్టాడు. పదిహేనేళ్ళకి, ఇంకా మీసాలైనా రాకముందే, ఒక వర్తకుడి దగ్గర పనికని బొంబాయి చేరాడు. అది కుదరలేదు. 1824లోనే నిజాం సైన్యంలో కొలువు దొరికింది. కంపెనీ సైన్యం కాదు సుమండీ, నిజాంది! కంపెనీ దొరలకున్న హోదా ఈ కొలువుకి లేదు. అయినా ఊరూరూ తిరిగాడు, భాషలు నేర్చాడు, జనంతో కలిశాడు.

పుస్తకానికి ప్రాణం సురపురం ఘట్టం. ఈనాడు కర్ణాటకలో ఉన్న ఆ చిన్న సంస్థానానికి 1841లో వెళ్ళి పన్నెండేళ్ళున్నాడు. రాజు వెంకటప్ప నాయకుడు పసివాడు. తల్లి ఈశ్వరమ్మ గడుసుది. ఆ కోట తగాదాలు చదువుతుంటే పొయ్యి మీద పాలు పొంగినా తెలియదు. కుర్రవాడు ఈ దొరని ‘అప్పా’ అని పిలిచేవాడు. 1858లో ఆ కుర్రవాడే తిరగబడ్డాడు, పట్టుబడ్డాడు. మరణశిక్ష తగ్గించి జైలుకి పంపుతుంటే దారిలో కాపలా అధికారి పిస్తోలుతోనే ప్రాణం తీసుకున్నాడు. టేలర్ ఆ కథ చెప్పే తీరుకి కళ్ళు చెమరుస్తాయి.

బాగానే ఉంది. మరి భార్య ఏదీ?

1832లో ఆయన హైదరాబాదు షావుకారు విలియం పామర్ కూతురు మేరీని పెళ్ళాడాడు. ఈ పామర్ తండ్రి ఇంగ్లీషు జనరల్, తల్లి ఫైజ్ బక్ష్ బేగం. అంటే మేరీ నాయనమ్మ మన దేశపు మనిషి. ఇంగ్లీషు సమాజం అటువంటి రక్తాన్ని చిన్నచూపు చూడటం మొదలెట్టిన రోజులవి. ఆ ఇంటి పిల్ల దొరగారితో ఎలా కాపురం చేసింది, విందుల్లో ఆవిడ వెనక ఎవరేమన్నారు, నాయనమ్మని ఎలా తలచుకునేది? ఇవన్నీ తెలుసుకోవాలని మనకి ఆత్రం. పుస్తకంలో ఆవిడ మాటలు భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. 1844లో కన్నుమూసింది. దొరగారు మళ్ళీ కచేరీ పనుల్లో పడతారు.

దుఃఖం గొంతుకడ్డుపడి రాయలేకపోయాడేమో అనేవారుంటారు. ఉండొచ్చు. కానీ వెంకటప్ప చావు గురించి అంత రాయగలిగాడే! కొలువుకి సంబంధించిన దుఃఖమైతే చెప్పుకోవచ్చు, పడకగది దుఃఖం చెప్పుకోకూడదన్నది ఆనాటి మగవాళ్ళ మర్యాద. ఆ మర్యాదకి బలైపోయింది మేరీయే గానీ ఆయన కాదు.

తమాషా ఏమిటంటే, ఆయన 1872లో ‘సీత’ అని నవల రాశాడు. 1857 నాటి కథ. ఇంగ్లీషు అధికారి సీత అనే హిందూ వితంతువుని పెళ్ళాడతాడు. దొరల సమాజం మూతి ముడుస్తుంది. సొంత కథలో పెదవి విప్పని మనిషి ఇక్కడ ఎంత ధారాళంగా మాట్లాడాడో! సీతని నోరారా మెచ్చుకుంటాడు, ఆమెకి అభిమానమిస్తాడు, తెలివినిస్తాడు. అంతా ఇచ్చి చివరికి చంపేస్తాడు. భర్తకి తగలాల్సిన బల్లెం ఆమెకి తగులుతుంది. దొరగారు తర్వాత ఇంగ్లీషు పిల్లని చేసుకుంటాడు. ఇది నాకు బొత్తిగా నచ్చలేదు. అంత ధైర్యంగా పెళ్ళి చేసిన రచయితకి ఆ కాపురాన్ని ఇంగ్లండు దాకా తీసుకెళ్ళే ధైర్యం లేకపోయింది. అయినా మేరీ నీడ ఎక్కడైనా పడిందంటే ఈ నవల మీదే పడిందనిపిస్తుంది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

టేలర్ 1876లో పోయాడు. స్వీయచరిత్ర మరుసటేడు అచ్చయింది. దాన్ని పరిష్కరించింది కూతురు. ముఖపత్రం మీద ఆ అమ్మాయి పేరు కూడా లేదు. ‘ఆయన కుమార్తె’ అని మాత్రం ఉంది.