డెగా "బృందగాయకులు" : స్వత్వచరిత్ర - విమర్శ

కళాఖండము ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయినదను వృత్తాంతము విమర్శకు అంగమగునా, లేక అది భాండాగారముల లెక్క మాత్రమేనా? ఫ్రెంచి చిత్రకారుడు ఎడ్గార్ డెగా రచించిన "బృందగాయకులు" అను చిత్రము నాధారముగా గొని ఈ ప్రశ్నను విచారింతము.

ఇది 1877 నాటి రచన. లోహఫలకముపై సిరాతో చిత్రించి, కాగితముపై ఒక్క ప్రతి నొత్తి, దానిపై పాస్టెల్ రంగులు వేసి డెగా దీనిని పూర్తిచేసెను. వెడల్పు జానెడున్నర మించదు. ఒపేరా రంగమున వేషధారులైన గాయకులు వరుసదీరి నోరు విప్పి పాడుచున్నారు. మోజార్టు "డాన్ జియోవన్ని"లోని ఘట్టమని చెప్పుదురు. రంగదీపముల వెలుగు క్రిందినుండి పడి ముఖములను వికృతముగా జూపుచున్నది. నర్తకీచిత్రములకు పేరొందిన డెగా ఇందు ఒక్క నర్తకినైనను చేర్చక, ప్రధానగాయకులను విడిచి, పేరులేని వంతపాటగాండ్రను గ్రహించెను.

ఆ యేటనే ఈ చిత్రము ఇంప్రెషనిస్టుల మూడవ ప్రదర్శనమున నిలిచెను. పిదప చిత్రకారుడే యైన గుస్తావ్ కాయ్‌బోత్ సంగ్రహమున జేరెను. ఆయన 1876లోనే మరణశాసనము వ్రాసి, తన సంగ్రహమును ఫ్రెంచి ప్రభుత్వమున కొసగుచు, అది అటకమీదగాని రాజధానికి వెలుపలి మ్యూజియమునగాని ఉండరాదనియు, లక్సెంబర్గు మ్యూజియమునను పిమ్మట లూవ్రునను ఉండవలెననియు నియమించెను. అనగా చిత్రము పుట్టుటకు ముందే దాని గమ్యము నిర్ణీతమైనది. 1894లో ఆయన మరణింపగా వివాదము చెలరేగెను. ప్రభుత్వము సుమారు నలువది చిత్రములనే స్వీకరించెను; డెగా రచనలు ఏడును అందు జేరినవి. నేడీ చిత్రము 1986లో తెరువబడిన ఓర్సే మ్యూజియమునకు చెందినది.

మార్సై నగరపు కాంతినీ మ్యూజియమునకు ఎరువుగా పంపబడి, 2009 డిసెంబరు 31న ఇది అపహృతమైనట్లు తెలియవచ్చెను. 2018 ఫిబ్రవరిలో పారిసు సమీపమున సుంకాధికారులు ఒక బస్సును సోదాచేయగా, సామానుల అరలోని పెట్టెలో దొరికెను. ప్రయాణికులలో ఒక్కరును ఆ పెట్టె తమదని చెప్పలేదు.

యజమానిని బట్టి రేఖల సౌందర్యము మారదు కదా యని కొందరు ఆక్షేపింతురు. ఆ మాట సత్యమే. కాని స్వత్వము, స్వాధీనము, దర్శనము అను మూడును వేరువేరు. ఆ యెనిమిదేండ్లును స్వత్వము ప్రభుత్వమునదే. స్వాధీనము మాత్రము పరులది. లోకమునకు దర్శనము లేదు. కాయ్‌బోత్ కోరినది మూడవది. ఎరువిచ్చుట ఆయన శాసనాక్షరమునకు భిన్నముగా తోచినను, నలుగురు చూచుటకే గావున, దాని యాశయమునకు విరుద్ధము కాదని మా అభిప్రాయము.

తాళపత్రప్రతుల సంచారము నెరుగక పాఠనిర్ణయమునకు పూనుకొనని మనము, చిత్రముల విషయమున ఆ జాగ్రత్తను ఏల విడువవలెను? చూడ వీలులేని చిత్రమునకు విమర్శ లేదు. దానిని మన కన్నుల యెదుట నిలిపిన చరిత్రయు విమర్శలోనిదే.