యోబు ఆకాశంలో మన చుక్కలు

బైబిలులో గ్రహాల సంగతి, విశ్వం సంగతి వెతికేవారు ముందుగా యోబు గ్రంథం తెరుస్తారు. 26వ అధ్యాయంలో భూమి ఏ ఆధారమూ లేకుండా వేలాడుతుంది. ఇదే సైన్సని కొందరు మురిసిపోతారు. మరి 38వ అధ్యాయంలో అదే భూమికి పునాదులూ, మూలరాయీ ఉన్నాయే! రెండూ కవి ఊహలే. అక్కడి ప్రశ్న విశ్వం ఎలా నడుస్తుందని కాదు, దాన్ని నడపడానికి నీవెంతవాడివని.

ఆ ప్రశ్న మన చెవికి సోకిందంటే అందులో అనువాదకుల పాలు పెద్దది. హీబ్రూలోని కీమా, కెసీల్, ఆయిష్ అన్న పేర్లు తెలుగు బైబిలులో కృత్తిక, మృగశీర్ష, సప్తర్షులయ్యాయి. చిక్కు లేకపోలేదు. 'ఆయిష్' ఏ చుక్కో పండితుల్లోనే ఏకాభిప్రాయం లేదు. పైగా కృత్తికలతో కుమారస్వామిని పెంచిన తల్లులు, సప్తర్షులతో అరుంధతి వెంట వస్తారు. హీబ్రూ కవి ఎరుగని కథలివి. సూర్యచంద్రులకూ గ్రహాలకూ ధూపం వేసేవారిని యోషీయా రాజు తొలగించాడని చెప్పే బైబిలులోకి మన పంచాంగం పేర్లు చేరడం విడ్డూరమే.

అయినా నా ఓటు అనువాదకులకే. కీమా అని వదిలేస్తే అది ఉత్త శబ్దం. కృత్తిక అంటే బళ్లారి మిద్దె మీదైనా, బరంపురం వాకిట్లోనైనా తలెత్తి చూస్తాం. ప్రశ్న మనల్నే అడిగినట్టుంటుంది. కవిత్వానికి కావలసింది అదే.