మల్కిభరాముడి వంతెన

మా గోదావరి జిల్లాల్లో వంతెన అంటే హేవలాక్, ఆనకట్ట అంటే కాటన్. ఇంగ్లండు నుంచి వచ్చిన ఆ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలెట్టి 1852కి పూర్తి చేశాడు. ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం. ఆ నీళ్ళతో పండిన అన్నమే మేమూ తిన్నాం, ఆ కృతజ్ఞత మాకూ ఉంది. మా పేచీ అంతకు 270 ఏళ్ళ ముందు హైదరాబాదులో మూసీ మీద కట్టిన వంతెన గురించి.

పురానాపూల్‌ను 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించాడు. 22 కమానులు, దాదాపు 600 అడుగుల పొడవు. గోల్కొండ నుంచి ఏరు దాటి మచిలీపట్నం రేవు వైపు పోయే సరుకుకు అది దారి. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే దాన్ని పారిస్‌లోని పాన్ నఫ్ వంతెనకు దాదాపు సాటి అన్నాడు. 1908 వరదకు దెబ్బతింటే బాగుచేసుకుని మళ్ళీ నడిచారు.

మరి మన తెలుగు రాతల్లో ఆ వంతెన ఎలా వస్తుంది? యువరాజు మహమ్మద్ కులీ భాగమతి కోసం పొంగే ఏట్లోకి గుర్రాన్ని దూకించాడట. కొడుకు మీద బెంగతో తండ్రి వంతెన కట్టించాడట. కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. వంతెన కట్టేనాటికి పన్నెండు, పదమూడేళ్ళ పిల్లాడు! ఈ లెక్కకు పండితులక్కర్లేదు, వేళ్ళు చాలు. కథ బాగుంటుంది, కాదనం. కానీ కథ ఒక్కటే మిగిలితే ఏం పోతోందో చూడండి. ముస్లిం పాలకుడు కత్తి పట్టాలి, లేదా సరసమాడాలి. జనం నడిచే దారి కోసం రాయి మీద రాయి పేర్పించాడంటే మాత్రం కలం కదలదు. (ఆ రాళ్ళు మోసిన కూలీలు ఎవరి కథలోనూ లేరు, మా కథలో కూడా.)

ఈ ఇబ్రహీం యౌవనంలో ఏడేళ్ళు విజయనగరంలో తలదాచుకున్నాడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని అంకితం పుచ్చుకున్నాడు. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. 1565లో రామరాయల మీదికి దండెత్తినవాళ్ళలో ఆయనా ఉన్నాడు. 1570ల తొలినాళ్ళలో మా రాజమండ్రిని గెలిచిందీ ఆయన సేనలే. దాచం. కాటన్ వెనకున్న కుంపిణీ మాత్రం పూలు చల్లుతూ వచ్చిందా?

అయినా కాటన్ ‘మన’ దొర. తెలుగు పద్యం విన్న మల్కిభరాముడు ఇంకా ‘బయటివాడు’. తరాలుగా గోదావరి ఒడ్డున బతుకుతున్న మమ్మల్ని, “మీకు తెలుగు భలే వచ్చే!” అని ఇప్పటికీ మెచ్చుకుంటారు.

పురానాపూల్ మీద బళ్ళు ఆగిపోయాక కూరగాయలమ్మేవాళ్ళు చేరారు. తెలుగులో అడిగితే తెలుగులో, దక్కనీలో అడిగితే దక్కనీలో ధర చెప్పారు.