అన్నవాహిక శోథ - బారెట్ వ్యాసము

భోజనము ముగియగనే నడుము వాల్చినచో కొందరికి రొమ్మున మంట పుట్టి, నోటిలోనికి పులిత్రేన్పు వచ్చును. జఠరములోని ఆమ్లరసము పైకెగదన్ని అన్నవాహికను తాకుటయే ఇందుకు కారణము. జఠరపు లోపొర ఆమ్లమునకు ఓర్చును. పొలుసులవంటి కణములతో ఏర్పడిన అన్నవాహిక పొరకు ఆ ఓర్పు తక్కువ. పదేపదే ఆమ్లము తగిలినచో అది ఎఱ్ఱబడి, వాచి, పుండ్లు పడును. ఇదే అన్నవాహిక శోథ.

ఈ విషయమున తరచు పేర్కొనబడు వ్యాసమును లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు నార్మన్ బారెట్ 1950లో 'బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీ'లో ప్రచురించెను. శీర్షికలోనే శోథ అను మాటను కొటేషను గుర్తుల నడుమ ఉంచెను. వదులుగా వాడబడు మాటను అట్లు శంకించుట మెచ్చదగినదే.

ఆయన దారి తప్పినది నిర్వచనము కడ. పొలుసుకణముల పొర ఉన్నంతవరకే అన్నవాహిక అని ముందుగా గీత గీసికొనెను. ఆ గొట్టము దిగువభాగమున, రొమ్ములోనే, స్తంభాకార కణములు కనబడినచో అది అన్నవాహిక కాదనియు, పొట్టియైన అన్నవాహిక పైకి లాగిన జఠరమనియు వ్రాసెను. గీతకు తగినట్లు అవయవమునకే పేరు మారినది!

1953లో ఆలిసన్, జాన్‌స్టోన్ అనువారు లోపొరనే కాక గొట్టమునంతటిని పరిశీలించిరి. జఠరమును కప్పు ఉదరవేష్టనమను పలుచని పొర దానిపై లేదు. కండరములు అన్నవాహికవే. గోడలో అన్నవాహికకు చెందిన శ్లేష్మగ్రంథులు కలవు. 1957లో బారెట్ కూడ అది అన్నవాహికయేనని అంగీకరించెను. మొదట కాదన్న దానికే నేడు 'బారెట్ అన్నవాహిక' అని పేరుండుట చిత్రము.

ఇది మాటల తగవు కాదు. అది జఠరమే అయినచో స్తంభాకార కణములు అచట ఉండుట సహజము. అన్నవాహిక పొరయే ఆమ్లపు తాకిడికి మారినదని తరువాతి పరిశోధనలు తేల్చినవి. అట్లు మారిన పొరలో క్యాన్సరు పుట్టు అవకాశము హెచ్చు. అధికులకు అది రాదు. అయినను ఎండోస్కోపుతో అప్పుడప్పుడు చూచుట అవసరమగును.

ఆమ్లమును గట్టిగా తగ్గించు ఒమెప్రజోల్ 1980ల చివర వాడుకలోనికి వచ్చినది. 1950 నాటి వ్యాసమున దానిని వెదకుట న్యాయము కాదు. రాత్రి భోజనమునకు, నిద్రకు నడుమ రెండు మూడు గంటల ఎడము, తలవైపు మంచపుకోళ్ళ క్రింద దిమ్మెలు, అధికబరువు తగ్గుట, పొగత్రాగుట మానుట మాత్రము నేటికిని వైద్యులు చెప్పునవే. ముద్ద దిగుట కష్టమైనను, రక్తము వాంతియైనను, కారణము లేక బరువు తగ్గినను ఇవి చాలవు; వెంటనే వైద్యపరీక్ష కావలెను.