అలను కోసే అడుగు

వేట పడవ గొప్పతనం రేవులో కట్టేసి ఉన్నప్పుడు తెలియదు. ఎదురుగాలిలో, ఆరడుగుల అలల మీద, ఇంటి ముఖం పట్టినప్పుడు తెలుస్తుంది. అమెరికా తూర్పు తీరంలో ఒకప్పుడు తయారైన గేలపు వేట యాట్‌లకు ఇప్పటికీ తరగని పేరు ఉందంటే, అది అలాంటి ప్రయాణాల్లో సంపాదించుకున్నదే.

ఇవి వల వేసే పడవలు కావు. గేలంతో సరదాకి, పందేనికి పెద్ద చేపను పట్టేవి. విశాఖ జాలరులు కొమ్ముకోనాం అనే చేపల కుటుంబమే మార్లిన్‌ది. మనిషికన్నా బరువైన మార్లిన్ గేలానికి తగిలితే పడవే వెనక్కి నడుస్తూ దాని వెంట పడాలి. ఫ్లోరిడాలోని వెస్ట్ పామ్ బీచ్‌లో రైబోవిచ్ కుటుంబం ఈ అవసరం చుట్టూనే పడవ కట్టింది. 1947లో వాళ్లు నీటిలోకి దించిన 34 అడుగుల ‘మిస్ షెవీ 2’ ఈ జాతికి మొదటిదని పేరు. గేలపు తాళ్లను పడవ పక్కలకు చాచి పట్టే అల్యూమినియం అవుట్‌రిగర్లు, చేపతో పోరాడే కుర్చీ, దాన్ని లోపలికి లాగేందుకు వెనక గోడలో తలుపు ఆ యార్డు పేరుతోనే ముడిపడ్డాయి. మహాగని పలకలను రెండు వరసలుగా బిగించిన ఆ పడవలు చూస్తే వడ్రంగం మీద గౌరవం పెరుగుతుంది.

అయితే అందరికీ అందిన మార్పు అడుగు ఆకారంలో వచ్చింది. 1958లో న్యూపోర్ట్‌లో అమెరికాస్ కప్ తెరచాప పడవల పందేలప్పుడు, పడవల రూపశిల్పి రే హంట్ గీసిన ఒక చిన్న పడవ పోటెత్తిన నీటిలో నిబ్బరంగా దూసుకుపోవడం పడవల వ్యాపారి డిక్ బెర్‌ట్రామ్ కంట పడింది. అప్పటి వేగపు పడవల అడుగు వెనక్కి వెళ్లేకొద్దీ చదునయ్యేది. అల మీద నుంచి దిగినప్పుడల్లా చెంపదెబ్బలాంటి చప్పుడు, దానితోపాటు నడుము నొప్పి. హంట్ ముందు భాగపు ‘వి’ వాలును వెనక చివరిదాకా, దాదాపు 24 డిగ్రీల దగ్గర నిలిపాడు. అడుగు నీటిని కొట్టదు, కోస్తుంది. బెర్‌ట్రామ్ అదే పద్ధతిలో 30 అడుగుల చెక్క పడవ కట్టించి, భార్య ముద్దుపేరు ‘మోపీ’ పెట్టాడు. 1960 మయామీ–నసావు పందెం రోజు సముద్రం ఉగ్రంగా ఉంది. మోపీ దాదాపు ఎనిమిది గంటల్లో గమ్యం చేరింది. రెండు గంటల తర్వాత వచ్చిన రెండోదీ హంట్ గీసిందే. మూడోది మర్నాటికి గానీ రాలేదు. మోపీ నుంచే అచ్చు తీసి, ఫైబర్‌గ్లాసుతో పోసినదే బెర్‌ట్రామ్ 31. ఇరవై ఏళ్లకు పైగా దాన్ని తయారు చేశారు.

అదే 1960లో, సముద్రం మొహం చూడని నార్త్ కరోలినా ఫర్నిచర్ పట్టణం హై పాయింట్‌లో విల్లిస్ స్లేన్ అనే ఆయన 41 అడుగుల ఫైబర్‌గ్లాసు వేట పడవ ‘హ్యాటెరస్’ను తయారు చేయించాడు. అంత పెద్ద పడవను ఆ పదార్థంతో కట్టడం అప్పట్లో సాహసమే.

‘అప్పట్లో ఫైబర్ బలం తెలియక మందంగా పోశారు, అందుకే నిలిచాయి’ అంటారు. ఇది సగం నిజం. మందం ఉన్న మాట వాస్తవమే. కానీ ఆ మందంలో ఫైబర్‌ను అతికించే రెజిన్ పాలు ఎక్కువ. నేటి వాక్యూమ్ పద్ధతిలో తక్కువ బరువుతోనే అంతకన్నా గట్టి గోడ వస్తుంది. పాత పడవలకు లోపాలూ ఉన్నాయి. బెర్‌ట్రామ్ 31 ఆగి ఉంటే ఊగుతుంది, గాలికి తుంపర మీద పోస్తుంది. పాత పడవల్లో ఇంధన ట్యాంకులు తుప్పు పడతాయి, డెక్ లోపలి చెక్క నానిపోతుంది. అయినా కొనేవాళ్లు అవన్నీ మార్చి, కొత్త డీజిల్ ఇంజన్లు బిగించి, అడుగును మాత్రం ముట్టుకోరు. ఆ గీతను మించినది సులువుగా దొరకదు. నా దృష్టిలో వాటి ఖ్యాతికి అసలు కారణం ఇదే.

పడవ పేరు దాని ఆకారంలోనే ఉందన్నది నార్త్ కరోలినా తీరంలో ఇంకా సూటిగా కనిపిస్తుంది. అక్కడ పడవలు కట్టిన వారెన్ ఓనీల్, ఓమీ టిల్లెట్ లాంటివాళ్లకు వేట కూడా వృత్తే. ఓరెగాన్ ఇన్‌లెట్ ముఖద్వారంలో విరిగే అలలు ఎలా మీద పడతాయో ఒంటితో తెలిసినవాళ్లు. అందుకే పడవ ముందు భాగాన్ని పువ్వు రేకులా బయటికి విప్పారేలా మలిచారు. లేచిన నీరు డెక్ మీదికి రాకుండా పక్కలకు పడిపోతుంది. దాన్నే కరోలినా ఫ్లేర్ అంటారు.

ఆ రాష్ట్రంలోనే రాలీ, కేరీ ప్రాంతాల్లో ఉంటున్న తెలుగువాళ్లు ఔటర్ బ్యాంక్స్ తీరానికి వెళ్తుంటారు. ఈసారి వెళ్తే సాయంత్రం నాలుగింటికి అక్కడి ఓరెగాన్ ఇన్‌లెట్ రేవు దగ్గర నిలబడండి. పడవలు వేట ముగించుకుని వరసగా వస్తాయి. పిల్లలకు చేపలతోపాటు పడవ ముక్కునూ చూపించండి.