బడి తెర మీద దేవుడు

కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల బడుల్లోకి కూడా డిజిటల్ తెరలు వచ్చాయి. మంచిదే. కానీ నైతిక విలువల పేరుతో కొందరు భక్తి వీడియో పెట్టి, పిల్లల చేత దండం పెట్టిస్తున్నారు. అది తప్పు. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. మతాల గురించి తెలియజెప్పడం వేరు. దానికి అడ్డు లేదని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

"అయితే మన దేవతలనూ తెర మీద చూపిద్దాం" అంటారు మన కుర్రాళ్లు. సరే, కానీ ఎలా? సవరల గోడబొమ్మ ఇంటి అలంకారం కాదు. ఇంట్లో జబ్బు చేసినప్పుడు, కీడు కలిగినప్పుడు పోయిన పెద్దలకూ దేవతలకూ చోటుగా గీయించి పూజ చేస్తారు. ఆ పూజ సంగతి చెప్పకుండా తెర మీద చూపితే మిగిలేది రంగుల బొమ్మే. మంగే గొమాంగో 1936లో తెచ్చిన సొరంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. దాన్ని కొలిచేవారికి అక్షరమే దైవం. ఫాంటు చూపించి ఆ మాట చెప్పకపోతే పాఠం సగమే.

కాబట్టి ఏది రికార్డు చేయవచ్చో, ఏది కూడదో ముందు ఊరి పూజారినీ పెద్దలనూ అడగండి. వాళ్ల మాటను వాళ్ల భాషలోనే వినిపించండి. అదే తరగతిలో క్రైస్తవులైన సవర పిల్లలూ ఉంటారు. వాళ్ల చేత కూడా మొక్కించవద్దు. పిల్లలు చూడాలి, అడగాలి. మొక్కడం ఇంటి పని.